నాలుగో డిస్కులో అమ్మ

స్టైన్‌బాక్, మానిటోబా
2006 మార్చి 19, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన చెల్లెలు ఎల్ఫ్రీడాకి,

మీ అక్క జస్టీనా ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసే ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ నాన్న, మీ బావ, నేను కులాసాగా ఉన్నాం. అబట్స్‌ఫర్డ్‌లో నువ్వూ, మరిది గెర్‌హార్డూ క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థనలో మీ పేర్లు తలుచుకుంటూనే ఉన్నాను. పదకొండు నెలలుగా ఒక్క ముక్క రాయని మనిషి ఈ మాట అంటే నువ్వు నమ్ముతావో లేదో. నమ్మకపోయినా నీ తప్పు లేదు.

అసలు సంగతి ముందే రాసేస్తాను. నాన్న అమ్మని చూశారు. నిన్న తన ఎనభై ఆరో పుట్టినరోజున, వృద్ధుల హోమ్‌లో తన గదిలో, తన టీవీలో చూశారు. గొంతు కూడా విన్నారు. నీకు ఈ సంగతి చేరేదాకా నా మనసు కుదుటపడదని, గుడి నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా కూర్చుని రాస్తున్నాను. మీ బావ వెనకనుంచి "సూప్ చల్లారిపోతోంది" అంటూనే ఉన్నారు. చల్లారనీ.

నాన్న కళ్ళ గురించి నీకు నేనే రాయాల్సింది, రాయలేదు. కిందటి సెప్టెంబరులో విన్నిపెగ్ డాక్టరు పరీక్ష చేసి, రెండు కళ్ళల్లోనూ నడిమధ్యన మసక పెరుగుతోందని, అంచుల్లో చూపు ఉంటుంది కానీ వచ్చే ఏడాది చలికాలానికి ఎదుటి మనిషి మొహం కనబడదని చెప్పాడు. తిరిగి కారులో వస్తున్నాం. ఇంటి మలుపు దగ్గర నాన్న, "మొహాలు పోయేలోగా మీ అమ్మని, ఆగనీతాని, ఒకసారి చూస్తే బాగుండును" అన్నారు. ఫోటోలు కాదట. ఫోటోలో అమ్మ ఎప్పుడూ పంటి నొప్పి వచ్చినట్టు నిలబడుతుంది కదా, అలా కాదట. కదులుతూ, మాట్లాడుతూ, వంటగదిలో తిరుగుతూ ఉండే అమ్మ కావాలట. అంటే భుజాన మోసే ఆ పెద్ద వీడియో కెమెరాతో తను తీసిన క్యాసెట్లు. అవి నీ దగ్గర ఉన్నాయి.

అవి నీ దగ్గరకి ఎలా వెళ్ళాయో మనిద్దరికీ తెలుసు. నాన్నని హోమ్‌లో చేర్చి ఇల్లు ఖాళీ చేసిన రోజున, నువ్వు క్యాసెట్ల పెట్టె కారులో పెడుతుంటే, నేను నలుగురి ముందూ, "నీది కానిది మోసుకుపోతున్నావు, అమ్మ పోయి నెల కూడా కాలేదు" అన్నాను. నువ్వు కారు తలుపు పట్టుకుని, "ఇక్కడే ఉంటే బూజు పట్టిపోతాయక్కా, గెర్‌హార్డ్ కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, అందరికీ పంపుతాను" అన్నావు. నేను వినలేదు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషిని, ఆ రోజు వీధిలో పెంచాను. నువ్వు ఏడుస్తూ బండి నడుపుకుంటూ వెళ్ళావని తరవాత పక్కింటి కేలర్ గారి భార్య చెప్పింది.

నవంబరులో నీ పార్సిల్ వచ్చింది. ఆరు డిస్కులు, వాటి మీద మరిది చేతిరాతతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ఉత్తరం లేదు. ఒక్కొక్కటే మా ప్లేయర్లో పెట్టాను. ఆరింటికీ అది ఒకటే మాట చెప్పింది, ఈ డిస్కు చదవడం నా వల్ల కాదని. ఎల్ఫ్రీడా, అప్పుడు నాకు వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. నువ్వు కావాలనే ఖాళీ డిస్కులు పంపి నా మొహాన కొట్టావనుకున్నాను. నిన్ను ఎత్తుకుని తిప్పిన దాన్ని, నీ గురించి అలా అనుకోగలిగాను. వాటిని అల్మారాలో కుట్టుపని గుడ్డల కింద దాచాను. నాన్న ప్రతి గురువారం "చిన్నది ఏమైనా పంపిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదు నాన్నా" అనేదాన్ని. అబద్ధం. ఒకసారి కాదు, వారం వారం.

జనవరి ఆఖర్లో డాక్టరు దగ్గరకి మళ్ళీ వెళితే అనుకున్నదానికన్నా వేగంగా చూపు పోతోందన్నాడు. ఆ రాత్రి ప్రార్థన సగంలో లేచి వెళ్ళి అల్మారా తెరిచాను. మర్నాడు ఒక డిస్కు సంచిలో పెట్టుకుని పాస్టర్ గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన గుడి ఆఫీసు కంప్యూటర్లో పెట్టారు. మన ఆవుల కొట్టం కనిపించింది! నాన్న గొంతు వినిపించింది, పాల మిషను గురించి ఏదో తిట్టుకుంటున్నారు. పాస్టర్ గారు నవ్వి, "సిస్టర్, ఇవి ఖాళీవి కావు. చలి దుప్పట్లని గాలి తీసి సంచిలో నొక్కి పెట్టుకుంటాం కదా, వీడియోని అలా నొక్కి పెట్టారు. మీ ఇంటి ప్లేయరుకి సంచి విప్పడం రాదు, అంతే. విప్పడం వచ్చిన ప్లేయర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, కొనుక్కోండి" అన్నారు. నువ్వు నన్ను మోసం చెయ్యలేదు. ఆఫీసు మెట్ల మీద మంచులోనే కూర్చుండిపోయాను.

నాన్నని ఆ కంప్యూటరు దగ్గరకే తీసుకెళ్ళొచ్చుగా అంటావేమో. ఆ తెర అరచేతంత ఉంది, నాన్నకి తన పెద్ద టీవీ, అదీ మూరెడు దూరంలో కూర్చుంటేనే ఆనుతుంది. అందుకని ప్లేయరు వేటలో పడ్డాం.

మీ బావ సంగతి తెలుసు కదా. ఆయన లెక్కలో ఖరీదైనదే మంచిది. ఊళ్ళో దుకాణానికి వెళ్ళి పెద్ద పేరున్న కంపెనీది తెచ్చారు. పెట్టె మీద ఇలా నొక్కిన వీడియోల గుర్తు కూడా ఉంది. ఒకటో డిస్కు వేస్తే నాన్న మాట వస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. మీ బావ తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టి, ఆఖరికి టీవీని ఒక్కటిచ్చారు. నేను "టీవీ ఏం చేసింది పాపం" అంటే, "ఎవరో ఒకరు దెబ్బ తినాలి కదా" అన్నారు. రసీదుతో తిరిగి ఇచ్చేశాం. రెండోది ఇంకో కంపెనీది. ఆవులు బ్రహ్మాండంగా ఆడాయి, నీ పెళ్ళి ఆడింది, మిల్లు తగలబడ్డ రోజు ఆడింది. నాలుగో డిస్కు దగ్గర ఆగిపోయింది. తెర మీద పేర్ల పట్టీలో "అమ్మ, వంటగది, 1991" అని కనబడుతోంది. నొక్కితే ఆకుపచ్చ గళ్ళు తప్ప ఏమీ లేదు, మాట కూడా లేదు. మిగతావన్నీ ఉండి అదొక్కటే లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు. అదీ తిరిగి ఇచ్చేశాం. దుకాణంలో కౌంటరు దగ్గరున్న మనిషి మమ్మల్ని చూడగానే, "ఏం ఐజాక్ గారూ, ఇదీ నచ్చలేదా? పోనీ నన్నే తీసుకెళ్ళి టీవీ ముందు నిలబెట్టుకోండి, పాడతాను" అన్నాడు. మీ బావకి కోపం వచ్చి రెండు రోజులు ఆ దారిన వెళ్ళలేదు.

కిందటి మంగళవారం విన్నిపెగ్ వెళ్ళాం. దారిపొడుగునా గాలి, మంచు పొగలా లేచి రోడ్డు కనబడలేదు. పుట్టినరోజుకి నాలుగు రోజులే ఉంది. పెద్ద దుకాణం, లోపల గోడ నిండా టీవీలు. అమ్మే ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషి, పేరు మిలాగ్రోస్, నా వయసే ఉంటుంది, మెడలో చిన్న శిలువ ఉంది. నేను కాగితం మీద రాసుకెళ్ళిన ప్రశ్నలు మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి, "అవన్నీ తరవాత అమ్మా. మీ డిస్కు తెచ్చారా?" అంది. ఇలాంటి ప్లేయరు కొనేవాళ్ళు పెట్టె మీది రాతలు నమ్మరట. ఇంట్లో అన్నిటికన్నా మొరాయించే డిస్కు ఒకటి జేబులో వేసుకుని వచ్చి, దుకాణంలో ఒక్కొక్క ప్లేయర్లో పెట్టి చూసుకుంటారట. "మంచి డిస్కు ఎవరికైనా ఆడుతుంది, మీ దగ్గరున్న మొండిది ఇవ్వండి" అంది. నాలుగోది ఇచ్చాను.

పై అరలోది పెట్టింది, గళ్ళు. దాని కిందది పెట్టింది, తెర నల్లగా. మూడోది డిస్కుని లోపలికి తీసుకుని ఉమ్మేసింది. మీ బావ "ఇవన్నీ మన చర్చి పెద్దల్లాగే ఉన్నాయి, కొత్తదేం తెచ్చినా కాదంటున్నాయి" అన్నారు. నేను మోచేత్తో పొడిచాను. మిలాగ్రోస్ మాత్రం కడుపుబ్బ నవ్వి, "మా దగ్గరా అంతే సార్" అంది. ఆ తరవాత అన్నిటికన్నా అడుగు అరలోంచి, పేరు కూడా లేని, నాసిరకంగా కనబడే వెండిరంగు పెట్టె ఒకటి తీసింది. ఖరీదు నలభై డాలర్లు. మీ బావ మొహం అప్పుడు చూడాల్సింది. "ఇదా? దీని మూత గోరుతో ఊడొస్తుంది" అన్నారు. "పెద్ద కంపెనీల ప్లేయర్లకి పథ్యం ఎక్కువ సార్. ఇది పెట్టిందల్లా తింటుంది" అని డిస్కు వేసింది.

ఆ ప్లేయరు తీగ ఒక టీవీకి కాదు, గోడనున్న టీవీలన్నిటికీ కలిపి ఉందని ఆవిడ మరిచిపోయింది.

ఎల్ఫ్రీడా, ఒక్కసారిగా గోడ నిండా అమ్మ. ఇరవై టీవీల్లో, మోచేతుల దాకా పిండితో, ట్వీబాక్ రొట్టెలకి ముద్దలు చేస్తూ, ఒకదాని నెత్తిన ఒకటి నొక్కుతూ. దుకాణమంతా అమ్మ గొంతు, మన ఊరి జర్మన్ యాసలో, "హైన్‌రిచ్, ఆ యంత్రం దించి కట్టెలు పట్రా, రొట్టె తనంతట తను కాలదు!" అంటోంది. నేను అక్కడున్న ఏదో పెట్టె మీద కూలబడ్డాను. మీ బావ టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. పక్క వరసలో రేడియో బేరమాడుతున్న ఒక పెద్దాయన వచ్చి, "ఎవరమ్మా ఆవిడ, ఏం చేస్తోంది?" అని అడిగితే, మిలాగ్రోస్ "ఈవిడ అమ్మగారు" అంది. ఎలా తెలుసుకుందో. నేను చెప్పలేదు. నాకు నీళ్ళు తెచ్చిచ్చి, ఆ వీడియో ఉన్న పన్నెండు నిమిషాలూ ఆపకుండా ఆడనిచ్చింది. ఎవరూ ఆపమనలేదు.

కొత్త పెట్టె ఇస్తానంటే నేను వద్దన్నాను, అమ్మని చూపించిన ఆ పెట్టే కావాలన్నాను. మిలాగ్రోస్ నవ్వి దాన్నే కట్టిచ్చింది. ఆ ఒక్క వీడియోని ఎవరో బొమ్మ బాగా రావాలని మామూలుకన్నా బిగించి నొక్కారట, అంత బిగువు విప్పడం కంప్యూటర్లకీ, ఈ వెండిరంగు పెట్టెలాంటి వాటికీ మాత్రమే వచ్చట, అందుకే పెద్ద ప్లేయర్లు చేతులెత్తేశాయట. మరిదితో ఈ మాట చెప్పు, తప్పు పట్టడానికి కాదు. మిగతా ఐదింటికన్నా అమ్మ ఉన్న దాని మీదే మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టారని నాకు అర్థమైంది.

ఇంక నిన్నటి సంగతి. హోమ్‌లో భోజనాలయ్యాక కేకు కోశాం. నాన్న కుర్చీ టీవీకి మూరెడు దూరంలో వేశాం. ఏం చూపించబోతున్నామో చెప్పలేదు. అమ్మ తెర మీదకి రాగానే నాన్న ముందుకి వంగారు. తల పక్కకి తిప్పి, ఓరకంటితో, మసక లేని చోటునుంచి చూశారు. కోళ్ళు గింజల కేసి చూసినట్టు చూస్తున్నారని మీ బావ నా చెవిలో అన్నారు. అమ్మ "కట్టెలు పట్రా" అనగానే నాన్న "తెస్తున్నా, తెస్తున్నా" అన్నారు, నిజంగా లేవబోయినట్టు కుర్చీ చేతులు పట్టుకున్నారు. గదిలో ఉన్న నర్సు కూడా నవ్వింది. నాన్న నవ్వలేదు. "ఆ ముందు పన్ను కొస విరిగి ఉంటుంది. మరిచిపోయాను. ఎలా మరిచిపోయాను?" అన్నారు. మూడుసార్లు వేయించుకున్నారు. రెండోసారి, "గౌను నీలంది కదూ?" అన్నారు. ఆకుపచ్చది. "అవును నాన్నా, నీలమే" అందామని నోటిదాకా వచ్చింది, కానీ ఇంక అబద్ధాలు చాలనిపించి, "ఆకుపచ్చ నాన్నా" అన్నాను. "సరే, ఆకుపచ్చే. మొహం కనబడుతోంది, చాలు" అన్నారు.

మూడోసారి అయ్యాక, "మొదట్లో పాట ఉండాలే. పిండి కలుపుతూ పాడింది. నేను చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడి తీశాను" అన్నారు. మీ బావ, "పాత క్యాసెట్లు మామయ్యా, అరిగిపోతాయి" అన్నారు. నాన్న తలాడించి ఊరుకున్నారు. తరవాత, "ఇది చిన్నది చేసిన పనేనా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే దానికి రాయి. నా తరఫున కాదు, నీ తరఫున రాయి" అన్నారు. మన గొడవ ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు.

అందుకే రాస్తున్నాను చెల్లీ. ఆ రోజు వీధిలో నేనన్నది తప్పు. ఖాళీ డిస్కులు పంపావనుకున్నది ఇంకా తప్పు. నన్ను క్షమించు. ఈస్టరుకి మీరిద్దరూ వస్తే పై గది సిద్ధం చేస్తాను. రాలేకపోతే ఫోను చెయ్యి, నేనే మొదట ఎత్తుతాను. ఇన్ని నెలల తరవాత ఈ రోజు గుడిలో పాట చివరిదాకా పాడాను.

ప్రభువు కృప మీ ఇంట్లో ఉండాలని కోరుతూ,
నీ అక్క,
జస్టీనా టీస్సెన్

తా.క. (సోమవారం మధ్యాహ్నం)

నిన్న కవరు అంటించాను. ఈ ఉదయం పోస్టాఫీసు దాకా వెళ్ళి, పెట్టెలో వెయ్యలేక వెనక్కి తెచ్చి కవరు చింపాను. క్యాసెట్ల కోసం నీతో గొడవపడ్డానని పైన రాసింది నిజం కాదు.

1994 చలికాలంలో అమ్మకి న్యుమోనియా వచ్చినప్పుడు నేను ఆ ఇంట్లో ఉన్నాను, గుర్తుందా. ఆ ఆదివారం మన గాయకబృందం పాడింది టీవీలో వేస్తారన్నారు. నేను ముందు వరసలో ఉన్నాను. నన్ను నేను చూసుకోవాలని ఒకటే ఆశ. ఖాళీ క్యాసెట్ దొరకలేదు. సొరుగులో ఒకటి ఉంది, దాని మీద మళ్ళీ రికార్డు కాకుండా నాన్న అంచున ప్లాస్టిక్ ముక్క విరిచేసి ఉంచారు. మనింట్లో ఏదీ పారెయ్యం, అన్నీ మళ్ళీ వాడతాం కదా. ఆ చోట అంటుకునే టేపు ముక్క వేసి అరగంట కార్యక్రమం ఎక్కించాను. అయ్యాక తిప్పి చూస్తే వెన్ను మీద నాన్న రాత, "ఆగనీతా, వంటగది." టేపు పీకేసి సొరుగులో పెట్టేశాను. అందులోని అమ్మ మొత్తం చెరిగిపోయిందనుకున్నాను. పన్నెండేళ్ళు ఆ క్యాసెట్ వైపు చూడలేదు. నువ్వు పెట్టె కారులో పెడుతుంటే నాకు వచ్చింది కోపం కాదు, భయం. డిస్కులు ఆడనప్పుడు నిన్ను తిట్టుకున్నాను కానీ, లోపల ఒక మూల ఊపిరి తేలికగా వచ్చింది. నాన్న చూపు తరిగిపోతుంటే కూడా రెండు నెలలు వాటిని గుడ్డల కిందే ఉంచింది అందుకే. దుకాణంలో నేను కూలబడింది అమ్మని చూసిన దుఃఖంతో అని అందరూ అనుకున్నారు. అందుకు కాదు, అమ్మ మిగిలి ఉందని.

డిస్కులో మా పాటల కార్యక్రమం లేదు. తిన్నగా అమ్మ పిండి చేతులతోనే మొదలవుతుంది. అది మరిది చేసి ఉండడు, ఆయనకి మా బృందం ఏం తెలుసు. ముందు వరసలో నా మొహం చూసి, నువ్వే కూర్చుని కత్తిరించావు. అప్పటికి నేను నిన్ను దొంగని చేసి ఏడు నెలలైంది. అయినా నాన్నకి చెప్పలేదు, నాకు చెప్పలేదు.

ఇప్పుడే హోమ్‌కి వెళ్ళి నాన్న పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆ పాట నా వల్లే పోయిందని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. తరవాత, "ముప్పై నిమిషాలు" అన్నారు, ఒకసారే. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నేను లేవబోతుంటే అడిగారు, "మరి నువ్వు పాడింది ఏమైంది? అదీ పారేసిందా చిన్నది?"

తెలియదన్నాను. "ఉందేమో అడుగు. నీ మొహం కూడా నాకు ఇంక ఎన్నాళ్ళో కనబడదు" అన్నారు.

ఉంటే పంపు, ఎల్ఫ్రీడా.